పొట్టిచేతుల జాకెట్టు దాకా: బొల్లితో నా అనుభవం

నాకు బొల్లి తొమ్మిదో ఏట మొదలైంది. ఎడమ మోకాలి కింద బియ్యపుగింజంత తెల్లమచ్చ. ఏడాది తిరిగేసరికి రెండో కాలి మీద సరిగ్గా అదే చోట ఇంకొకటి వచ్చింది. పన్నెండో ఏటికి కనురెప్పల మీద, పెదవి చివర, వేళ్ళ కణుపుల మీద కూడా వచ్చాయి. ఇవాళ ముఖం మీదవి దాదాపు పూడిపోయాయి. వేళ్ళ మీదవి అలాగే ఉన్నాయి, ఇక ముందూ ఉంటాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా చర్మానికి జరిగిన వైద్యం గురించీ, మనసుకు విడిగా చేసుకోవలసి వచ్చిన పని గురించీ, ఆ రెండూ ఎక్కడెక్కడ తప్పుదారి పడతాయో దాని గురించీ రాస్తున్నాను. మచ్చలున్న పిల్లల అమ్మానాన్నలకు ఇది పనికిరావాలి. నడి ఎండాకాలంలో కూడా పొడుగుచేతుల చొక్కా విప్పని పిల్లలకు ఇంకా ఎక్కువగా పనికిరావాలి.

మా ఇంట్లో అందరం కలిసి చేసిన పెద్ద పొరపాటు ఒకటుంది. "ముందు మచ్చలు పోనీ, మిగతావి తర్వాత చూద్దాం" అనుకున్నాం. డాన్సు క్లాసు, గ్రూపు ఫోటో, హాస్టల్లో చేరడం, అన్నీ మచ్చలు పోయాకే అన్నాం. చర్మం లెక్క చర్మానిది. రంగు తిరిగి రావడానికి నెలలూ ఏళ్ళూ పడుతుంది, కొన్నిచోట్లకు అసలు రాదు. పిల్ల మాత్రం ఈలోగా పెరిగిపోతుంది. వైద్యం, బతుకు ఒకేరోజు మొదలుపెట్టి రెండూ పక్కపక్కన నడిపించాలని నాకు ఇరవై దాటాక గానీ తెలియలేదు.

మొదట పేరు సంగతి తేల్చుకోవాలి. బొల్లిని చాలా ఊళ్ళలో ఇప్పటికీ తెల్లకుష్ఠు అంటారు. పిల్లల్ని ఎక్కువగా దెబ్బతీసేది ఆ మాటే. కుష్ఠు బాక్టీరియా వల్ల వచ్చి నరాలను దెబ్బతీసే జబ్బు. దాని మచ్చ పాలిపోయినట్టో ఎర్రగానో ఉంటుంది, సాధారణంగా అక్కడ స్పర్శ తగ్గిపోతుంది. బొల్లిలో క్రిమి ఏమీ లేదు. చర్మానికి రంగునిచ్చే కణాలను మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున చంపేస్తుంది. మచ్చ పాలలా తెల్లగా, అంచు స్పష్టంగా ఉంటుంది. పొట్టు రాలదు, మామూలుగా నొప్పీ దురదా ఉండవు, దూదితో తాకినా తెలుస్తుంది. ముట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా, ఒకే సబ్బు వాడినా అంటదు. ఆవుకు ఒంటి మీద తెల్లమచ్చలుంటే బొల్లావని ముద్దుగా పిలుచుకునే మనం, అదే తెలుపు ఆడపిల్ల చేతి మీద కనబడితే ఒప్పులకుప్ప ఆటలో ఆ చెయ్యి పట్టుకోనివ్వం. నా అందం మీద నాకు అనుమానం మొదలైంది అద్దం ముందు కాదు, ఆ ఆటలోనే.

పిల్లల ఒంటి మీద కనిపించే ప్రతి తెల్లమచ్చా బొల్లి కాదు. బుగ్గల మీద పాలిపోయినట్టుండి కాస్త పొట్టు రాలే మచ్చలు చాలామంది బడిపిల్లలకు వస్తాయి. కడుపులో నులిపురుగులనో, కాల్షియం తక్కువనో అంటారు గానీ అవి పొడిచర్మం వల్ల వచ్చేవి, నెమ్మదిగా పోతాయి. మెడ మీద, వీపు మీద చెమటపట్టే చోట వచ్చే శోభి మచ్చలు ఫంగస్ వల్ల వచ్చేవి. తేల్చడానికి చర్మవైద్యులు చీకటిగదిలో వుడ్స్ ల్యాంప్ అనే ఊదారంగు దీపం వేసి చూస్తారు. దాని కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 365 నానోమీటర్లు. బొల్లి ఆ వెలుగులో సుద్దముక్కలా మెరుస్తుంది. మామూలు కంటికి ఇంకా కనబడని కొత్త మచ్చలు కూడా అందులో బయటపడతాయి. నాకు నుదుటి మీద ఉన్న మచ్చ అలాగే దొరికింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు మేం పోగొట్టుకున్న కాలం మూడేళ్ళు. అందులో మొదటిది బావంచాలనే గింజల నూనె. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం నిజంగానే ఉంది. చర్మాన్ని ఎండకు బాగా స్పందించేలా చేస్తుంది, వైద్యంలో కూడా వాడతారు. అయితే కొలత లేకుండా నూనె రాసి ఎండలో కూర్చోబెడితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. ఆ కాలిన చోటే, దాని చుట్టూ, మచ్చ ఇంకా పెద్దదవుతుంది. డాక్టర్లు సోరాలెన్ మాత్ర ఇచ్చి ఎండ వైద్యం చేసినప్పుడు కూడా, మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత ఐదు నిమిషాలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. ఆ రోజంతా నల్లకళ్ళద్దాలు పెట్టుకోవాలి. చిన్నపిల్లలకు సాధారణంగా ఆ మాత్ర ఇవ్వరు.

రెండోది మందులషాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు. అందులో ఘాటైన స్టెరాయిడ్ ఉందని అప్పట్లో మాకు తెలియదు. మొదటి నెలలో రంగు వచ్చినట్టే అనిపించింది. కనురెప్పల మీద నాలుగు నెలలు రాసేసరికి చర్మం ఉల్లిపొరలా పలచబడి ఎర్రటి సన్న రక్తనాళాలు కనబడసాగాయి. స్టెరాయిడ్ పూతను డాక్టరు కూడా ఇస్తారు. ఎంత ఘాటుదో, ఏ చోటికో, ఎన్ని వారాలో రాసి మరీ ఇస్తారు, మధ్యలో ఆపిస్తారు. ముఖం మీద, చంకల్లో, గజ్జల్లో అలా చూసేవాళ్ళు లేకుండా ఎవరూ రాయకూడదు.

మూడోది పథ్యం. పెరుగు, నిమ్మకాయ, చింతపండు, చేపలు, చివరికి తెల్లగా ఉందని పాలు కూడా మాన్పించారు. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందన్న మాటకు ఆధారం లేదు. పులుపు మానేస్తే మచ్చ ఆగుతుందన్నదానికీ లేదు. పథ్యంతో పిల్లకు ఒరిగేది బలహీనత ఒక్కటే కాదు. అందరూ పులిహోర తింటుంటే తను మాత్రం వట్టి అన్నం ముందు కూర్చుంటుంది. తన ఒంట్లో ఏదో చెడు ఉందన్న నమ్మకం రోజుకు మూడు పూటలా గట్టిపడుతుంది.

చర్మవైద్యులు మొదట చూసింది మచ్చ పాకుతోందా, నిలకడగా ఉందా అని. చికిత్సంతా దాని మీదే ఆధారపడుతుంది. మచ్చలు రెండు పక్కలా జతగా వచ్చే రకం నాది. ఒకే పక్కన, ఒక పట్టీలా వచ్చే రకం వేరు. అది సాధారణంగా చిన్నవయసులో వచ్చి ఏడాది రెండేళ్ళు పాకి ఆగిపోతుంది. థైరాయిడ్ లోపం బొల్లితో కలిసి రావడం మామూలు కాబట్టి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయిస్తారు. అప్పట్లో నాకు మచ్చలు వేగంగా పాకుతున్నాయి. అందుకని వారంలో వరుసగా రెండు రోజులు మాత్రమే వేసుకునే స్టెరాయిడ్ మాత్ర ఇచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. రంగు తెప్పించడం దాని పని కాదు, పాకడాన్ని ఆపడం దాని పని. బరువు, బీపీ, చక్కెర, పిల్లలైతే ఎత్తు కూడా చూస్తూ కొన్ని నెలలే ఇస్తారు. పాత చీటీ చూపించి మళ్ళీ మళ్ళీ కొనుక్కునే మందు కాదు.

పాకడం ఆపడంలో మన వంతు కూడా ఉంది, దీన్ని చాలామందికి సరిగ్గా చెప్పరు. చర్మానికి పదేపదే ఒరిపిడి, గీత, కాలడం జరిగినచోట కొత్త మచ్చ పుడుతుంది. లంగా బొందు బిగించి కట్టేచోట నడుము చుట్టూ తెల్లగీత వస్తుంది. చెప్పు పట్టీ కింద, స్కూలు బ్యాగు పట్టీ భుజాన్ని కోసేచోట, స్నానంలో పీచు పెట్టి గట్టిగా రుద్దే మోకాళ్ళ మీద కూడా అంతే. బొందు తీసేసి వెడల్పాటి ఎలాస్టిక్ వేయించాం, పీచు మానేశాం, చెప్పుల పట్టీ కింద మెత్తటి గుడ్డ కుట్టించాం. స్టిక్కర్ బొట్టు మరీ ముఖ్యం. కొన్ని బొట్టుబిళ్ళల వెనక ఉండే జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది, అది రంగుకణాలను నేరుగా చంపుతుంది. బొల్లి లేనివాళ్ళకు కూడా నుదుట బిళ్ళంత తెల్లమచ్చ రావడానికి కారణం అదే. కుంకుమో, తిలకమో పెట్టుకోవచ్చు, దురదో మంటో వస్తే అదీ ఆపాలి. రబ్బరు చెప్పులతో, జుట్టు రంగులతో కూడా కొందరికి ఇలాగే జరుగుతుంది.

ముఖానికి టాక్రోలిమస్ అనే పూత ఇచ్చారు. ఇది స్టెరాయిడ్ కాదు, చర్మాన్ని పలచబరచదు. పిల్లలకు 0.03 శాతం, పెద్దవాళ్ళకు 0.1 శాతం, రోజుకు రెండుసార్లు. మొదటి వారం పది రోజులు రాసినచోట చురుక్కుమని మండుతుంది. పడలేదనుకుని చాలామంది అక్కడే ఆపేస్తారు. ముఖం కడుక్కున్న వెంటనే తడిమీద రాస్తే మంట ఎక్కువ. ఇరవై నిమిషాలాగి, పూర్తిగా ఆరాక రాస్తే తగ్గుతుంది.

తర్వాత లైట్ ట్రీట్‌మెంట్. మాటవరసకు లైటు పెట్టించుకోవడం అంటారు. 311 నానోమీటర్ల దగ్గరుండే సన్నటి అతినీలలోహిత పట్టీని వాడతారు, నారోబ్యాండ్ యూవీబీ అని దాని పేరు. బొల్లికి దీని ఫలితాలను 1997లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించారు. నిలువెత్తు ట్యూబులు చుట్టూ ఉన్న పెట్టెలాంటి గదిలో నిలబడాలి. కళ్ళకు ముదురు గాగుల్స్ తప్పనిసరి. రెప్పల మీద మచ్చలుంటే డాక్టరు చెప్పిన ప్రకారం, కళ్ళు మూసుకుని మాత్రమే గాగుల్స్ తీయాలి. మర్మాంగాలు కప్పుకోవాలి. మొదటి మోతాదు సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీజౌళ్ళు. కొద్ది సెకన్లలోనే అయిపోతుంది, ఇంతేనా అనిపిస్తుంది. వారానికి రెండు మూడుసార్లు, వరుస రోజుల్లో కాకుండా వెళ్ళాలి. ప్రతిసారీ 10 నుంచి 20 శాతం పెంచుతారు. మచ్చ లేత గులాబీరంగుకు తిరిగి 24 గంటల్లోపు చల్లారితే మోతాదు సరిపోయినట్టు. మర్నాడు సాయంత్రానికి కూడా ఎర్రగానే ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పాలి, మోతాదు తగ్గిస్తారు. బొబ్బ వస్తే తగ్గేదాకా ఆపేస్తారు. చెప్పకుండా దాచుకుని మళ్ళీ వెళ్తే కాలుతుంది.

మానేసిన రోజులకు కూడా లెక్క ఉంది. వారం లోపు విరామమైతే పాత మోతాదే ఇస్తారు. రెండు వారాలదాకా అయితే పావువంతు, మూడు వారాలదాకా అయితే సగం తగ్గిస్తారు. అంతకు మించితే మళ్ళీ మొదటి నుంచే. పరీక్షలనీ, పండగలనీ, బస్సు దొరకలేదనీ రెండేసి వారాలు మానేసే పిల్లలకు ఏడాదైనా ఫలితం కనబడకపోవడానికి కారణం ఇదే. వైద్యం పనిచేయలేదని వాళ్ళనుకుంటారు గానీ, మోతాదు ఎక్కనేలేదు. వెళ్ళేముందు మచ్చలకు పూతలు, నూనె, సెంటు రాసుకోకూడదు. టాక్రోలిమస్ రాత్రికి ఉంచుకోవాలి.

ఎక్కువమంది వదిలేసేది రెండో నెలలో. లైటుకు చుట్టూ ఉన్న మామూలు చర్మం నల్లబడుతుంది, తెల్లమచ్చకు మాత్రం ఇంకా ఏమీ కాదు, దాంతో మచ్చ మునుపటికంటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇంట్లోవాళ్ళు "ఇంకా పెరిగింది" అంటారు. పెరగలేదు, తేడా పెరిగింది. ఈ సంగతి ముందే తెలిసుంటే భయం ఉండదు. ఆ తర్వాత మచ్చ లోపల రాగిగింజలు చల్లినట్టు చిన్నచిన్న చుక్కలు వస్తాయి. వెంట్రుక మొదళ్ళలో దాగున్న రంగుకణాలు పైకి వస్తున్నాయన్నమాట. చుక్కలు మొదట చుట్టుపక్కల చర్మంకంటే ముదురుగా ఉంటాయి, నెమ్మదిగా పెద్దవై కలుస్తాయి. అంచుల నుంచి కూడా రంగు లోపలికి జరుగుతుంది.

రంగు వెంట్రుక మొదళ్ళనుంచి వస్తుంది కనుక ఎక్కడ పూడుతుందో కూడా కొంత ముందే చెప్పొచ్చు. ముఖం, మెడ బాగా స్పందిస్తాయి. చేతులు, కాళ్ళు, నడుము మధ్యస్థం. వేళ్ళ చివరలు, అరచేతుల అంచులు, పెదవులు, కణుపులు మొండివి, అక్కడ వెంట్రుక ఉండదు, లేదా చాలా తక్కువ. మచ్చలోని వెంట్రుకలే తెల్లబడితే అక్కడ ఆశ తక్కువ. నా వేళ్ళకు 70 సిట్టింగులు దాటాయి, అటూ ఇటూ నాలుగు చుక్కలు వచ్చాయి. డాక్టరుగారు ఆ సంగతి మొదటి రోజే చెప్పారు. మేమే వినలేదు.

నెలకోసారి ఫోటో తీసి పోల్చుకోవడం మంచి పద్ధతి. అదే కిటికీ, అదే వేళ, అదే దూరం, పక్కన ఒక రూపాయి బిళ్ళ. ట్యూబ్‌లైటు కింద, రోజూ తీసిన ఫోటోలు ఏమీ చెప్పవు, దిగులు మాత్రం పెంచుతాయి.

ఏడాదిగా కొత్త మచ్చ రాకుండా, పాతవి పాకకుండా నిలకడగా ఉంటే శస్త్రచికిత్స గురించి మాట్లాడతారు. తొడ నుంచి పలచటి చర్మం తీసి, కణాలను విడదీసి ద్రావణంగా చేసి మచ్చ మీద పరుస్తారు, వారం రోజులు కట్టు కదపకూడదు. ఒకే పక్కన పట్టీలా వచ్చిన రకానికి ఇది బాగా పనిచేస్తుంది. కదిలే కణుపుల మీద ఫలితం అంత బాగుండదు, కాబట్టి నేను చేయించుకోలేదు. 2022 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రుక్సోలిటినిబ్ అనే మందు 1.5 శాతం పూతను 12 ఏళ్ళు నిండినవారికి బొల్లి కోసం అనుమతించింది. కొత్త దారులు వస్తూనే ఉన్నాయి, వాటిని తెలుసుకుంటూ ఉండటం మంచిదే. వాటికోసం కాలేజీ మానుకుని కూర్చోవడం మాత్రం మంచిది కాదు.

ఇక మనసు పని. దీనికి కూడా మోతాదు, విరామం, పెంచే లెక్క ఉన్నాయని నాకు చెప్పింది ఒక సైకాలజిస్టు. "నిన్ను నువ్వు ప్రేమించుకో" అనే మాట పద్నాలుగేళ్ళ పిల్లకు ఎందుకూ కొరగాదు. ఏం చెయ్యాలో చెప్పాలి.

మొదట అద్దం. ఒక రోజంతా ఎన్నిసార్లు చూసుకున్నానో గీతలు పెడితే ముప్పై దాటాయి. బస్సు అద్దం, సెల్‌ఫోను తెర, స్టీలు గిన్నె అడుగు కూడా అందులో ఉన్నాయి. ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తే ఎవరి ముఖంలోనైనా మచ్చే కనబడుతుంది, మనిషి కనబడదు. పెట్టుకున్న నియమం ఇది: పొద్దున ఒకసారి, రాత్రి పూత రాసేటప్పుడు ఒకసారి, చేతికంటే ఎక్కువ దూరంలో నిలబడి, ముఖం మొత్తం. ఒక్కసారిగా ముప్పై నుంచి రెండుకు దిగలేం. వారానికి ఐదారు చొప్పున తగ్గించాలి. మొదటి వారంలో ఆందోళన పెరుగుతుంది, అది నియమం తప్పని కాదు, అలవాటు తెగుతోందని.

రెండోది మాటలు. రోజూ ఐదు నిమిషాలు, రెండు వారాలు, చేతుల్ని చూస్తూ కాగితం మీద రాయాలి. "అసహ్యం", "పాడైపోయింది" అన్న మాటలు రాయకూడదు. "కుడి చూపుడువేలు, రెండో కణుపు నుంచి గోరు దాకా తెలుపు. అంచు ముదురు గోధుమ. గోరు కింద గులాబి. పాతది, కత్తి తెగిన గీత." అలా, కేసుషీటు రాసినట్టు. మొదటి రోజు రెండు వాక్యాలకు మించి రాయలేకపోయాను. పదో రోజుకు పేజీ నిండింది, అందులో సగం మచ్చ గురించి కాదు. చేతిలో మచ్చ ఒక్కటే లేదని అప్పుడే గమనించాను.

మూడోది మెట్లు. దాచుకోకుండా చేయడానికి భయపడే పనులు రాసి, పదికి మార్కులు వేయాలి. నా జాబితా ఇలా ఉండేది. పొట్టిచేతుల జాకెట్టుతో వాకిట్లో ముగ్గు వేయడం రెండు. కిరాణా కొట్టులో చిల్లర చేతికివ్వడం నాలుగు. బస్సులో పైకడ్డీ పట్టుకుని నిలబడటం ఐదు. తరగతిలో బోర్డు మీద రాయడం ఆరు. గుడిలో ప్రసాదం పంచడం ఎనిమిది. పెళ్ళిలో వడ్డించడం తొమ్మిది. కిందినుంచి మొదలుపెట్టాలి. ఆ చోటే భయం సగానికి తగ్గేదాకా ఉండాలి, సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది. భయం పూర్తి ఎత్తులో ఉన్నప్పుడు వెళ్ళిపోతే, వెళ్ళిపోవడమే కాపాడిందని మనసు నేర్చుకుంటుంది. ఒక్కో మెట్టు కనీసం నాలుగుసార్లు ఎక్కాక పైదానికి. నేను చేసిన తప్పు, రెండు మెట్లు ఎక్కగానే ధైర్యం వచ్చిందని పెళ్ళికి వెళ్ళడం. అరగంటలో వచ్చేశాను, ఆ తర్వాత రెండు నెలలు వాకిట్లోకి కూడా రాలేదు. లైటు గదిలో మోతాదు ఒక్కసారి పెంచితే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. మళ్ళీ ముగ్గు దగ్గర్నుంచే మొదలుపెట్టాను.

ఇందులో కంటికి కనబడని దొంగదారి సగం దాచుకోవడం. చెయ్యి బయటపెడుతూనే వేళ్ళు ముడవడం, రుమాలు పట్టుకోవడం, పైటకొంగు వేలికి చుట్టుకోవడం, ఫోటోలో చేతులు వెనక్కి పెట్టడం. మెట్టు ఎక్కినట్టే ఉంటుంది, భయం తగ్గదు, గట్టెక్కించింది రుమాలే అనిపిస్తుంది. రెండు చేతులూ ఖాళీగా, వేళ్ళు చాపి ఉంచాలి.

నాలుగోది జవాబు. అడిగేవాళ్ళు అడుగుతారు. వాళ్ళు చూడటం లేదని మనల్ని మనం నమ్మించుకోవడం వృథా, కొందరు నిజంగానే చూస్తారు. ప్రసాదం వద్దని చెయ్యి వెనక్కి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. అది బాధే, ఇప్పటికీ బాధే. అందుకే జవాబు ముందే తయారుగా ఉండాలి, చిన్నదిగా ఉండాలి, గొంతు విప్పి చెప్పి చూసుకుని ఉండాలి. "ఇది బొల్లండి. అంటదు." అంతే. ఊరి మందు చెప్పే పెద్దవాళ్ళకు "డాక్టరుగారి దగ్గర చూపించుకుంటున్నానండి" అని చెప్పి మాట మార్చాలి, వాదనకు దిగితే గంట పోతుంది. చిన్నపిల్లలు అడిగితే మాత్రం ఆగి చెప్పాలి, "చర్మానికి రంగేసే కణాలు ఇక్కడ పని మానేశాయి, కావాలంటే ముట్టుకో" అని. వాళ్ళు ముట్టుకుంటారు. నాకు అన్నిటికంటే మేలు చేసింది ఆ ముట్టుకోవడమే.

మచ్చ కప్పే మేకప్ గురించి ఇంట్లో గొడవలవుతాయి. ఒప్పుకోవడమంటే ఇక కప్పకూడదని కాదు. ఒంటి రంగుకు సరిపోయే కామఫ్లాజ్ క్రీము పలచగా అద్ది, పౌడరు వేసి ఐదు నిమిషాలు ఆగితే రోజంతా ఉంటుంది. చర్మం పైపొరకు గోధుమరంగు పట్టించే డైహైడ్రాక్సీఅసిటోన్ ఉన్న పూత మూడునుంచి ఐదు రోజులు నిలుస్తుంది, కానీ ఎండనుంచి కాపాడదు. నేను పెట్టుకున్న గీత ఒకటే: అది వేసుకోకుండా కూడా ఆ చోటికి వెళ్ళగలనా? వెళ్ళగలిగితే వేసుకోవడం నా ఇష్టం. వెళ్ళలేకపోతే అది ఇంకా ఎక్కని మెట్టు.

అమ్మానాన్నలకు నాలుగు మాటలు చెప్పాలనుంది. "తప్పకుండా పోతాయి" అని మాట ఇవ్వకండి, పోనప్పుడు పిల్ల తనే ఏదో తప్పు చేశాననుకుంటుంది. బంధువులొస్తే పొడుగుచేతులు వేసుకోమనకండి. పిల్ల వింటుండగా పెళ్ళి మాట ఎత్తకండి. బడి తెరిచిన వారంలో క్లాసు టీచరును కలిసి, అది అంటదని తరగతికి ఒకసారి చెప్పమని, వేరే బెంచీలో కూర్చోబెట్టొద్దని అడగండి. మెలకువగా చెప్పే టీచరు పది నిమిషాల్లో ఏడాది వేధింపును ఆపగలదు. పిల్లలు తమలాంటి ముఖాల్ని చూడటం కూడా అవసరం. కెనడా మోడల్ విన్నీ హార్లో ముఖం మీద మచ్చలతోనే ర్యాంపు మీద నడిచింది. తెలుగువాళ్ళకూ తెలిసిన నటి మమతా మోహన్‌దాస్ తనకు బొల్లి ఉందని 2023 జనవరిలో తనే చెప్పింది. జూన్ 25ను ప్రపంచ బొల్లి దినంగా 2011 నుంచి జరుపుతున్నారు, 2009లో ఆ రోజున కన్నుమూసిన మైకేల్ జాక్సన్‌కూ బొల్లి ఉండేది. పిల్ల బడి మానేసినా, తిండి నిద్ర తగ్గినా, చచ్చిపోవాలని ఉందన్నా మాత్రం చర్మం సంగతి పక్కనపెట్టి వెంటనే మానసిక వైద్యులకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

పెళ్ళి సంబంధాల దగ్గర మేం దాచలేదు. ఫోన్లో మాట్లాడిన మొదటి రోజే చెప్పేవాళ్ళం. సంబంధాలు తగ్గాయి, అది నిజం. వచ్చినవాళ్ళు మాత్రం తెలిసే వచ్చారు. పిల్లలకు వస్తుందా అని అడిగేవాళ్ళకు చెప్పే జవాబు: తల్లికో తండ్రికో ఉన్నంతమాత్రాన పిల్లలకు వచ్చితీరదు, రాకపోవడమే ఎక్కువ.

ఇప్పుడు నా దినచర్య చిన్నది. ముఖం మీద తిరిగొచ్చిన రంగు పోకుండా టాక్రోలిమస్ 0.1 శాతం వారానికి రెండు రాత్రులు. బయటికి వెళ్తే ఎస్‌పీఎఫ్ 30 దాటిన సన్‌స్క్రీన్, ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవంత, వేళ్ళకు విడిగా. తెల్లచర్మానికి ఎండను ఆపే రంగు లేదు కాబట్టి ఇది మచ్చ పోవడానికి కాదు, కాలకుండా ఉండడానికి. ఏడాదికోసారి టీఎస్‌హెచ్. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటాను, ఇంట్లో రుబ్బిన ఆకే, ఎందుకంటే నల్లగోరింటాకు పేరుతో అమ్మే వాటిలో జుట్టురంగు కలిపి ఉంటుంది, దానివల్ల మచ్చలు పెరగొచ్చు. గోరింటాకు రంగు పట్టేది చర్మం పైపొరకు, దానికి కింద రంగుకణాలు ఉన్నా లేకపోయినా తేడా లేదు. తెల్లటి వేళ్ళ మీద అది ఎర్రగా కాకుండా నారింజరంగులో పండుతుంది, పది రోజులుంటుంది.